పెద్దకర్మ అయిన మర్నాడు

పదకొండు రోజులు మా బాబాయిగారింట్లో పొయ్యి వెలిగించే పని పడలేదు. ఎదురింటివాళ్ళు పొద్దున్నే కాఫీ ఫ్లాస్కు పంపేవాళ్ళు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు అన్నం గిన్నె మీద పప్పు గిన్నె పెట్టుకుని వచ్చేవాళ్ళు. పోయినవాడు బాబాయి కొడుకు, నాకు తమ్ముడు. తాపీ మేస్త్రీ, 41 ఏళ్ళు. ఒంగోలులో మూడో అంతస్తు గోడ కడుతూ జారిపడ్డాడు.

పన్నెండో రోజు షామియానా విప్పేశారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోలో వేస్తున్నారు. చుట్టాలు బస్సు టైం చూసుకుంటున్నారు. మరదలు గోడకు ఆనుకుని కూర్చున్నచోటే కూర్చుంది. ఆఖరి కుర్చీ వెళ్ళాక నా వంక చూసి అడిగింది: "బావగారూ, రేపటినుంచి ఏం చెయ్యాలి?"

నేను ధైర్యం మీద గంటసేపు మాట్లాడగలను. సంకల్పబలం మీద పుస్తకమే రాశాను. ఆ అమ్మాయి అడిగినదానికి మాత్రం నా దగ్గర ఒక్క ముక్క జవాబు లేదు.

జవాబు ఆ సాయంత్రం డ్వాక్రా పొదుపు సంఘాల పని చూసే యానిమేటర్ రూపంలో వచ్చింది. భుజాన గుడ్డసంచి, చేతిలో సంఘం రిజిస్టరు. అందరిలాగే కాసేపు కూర్చుంది, మరదలి చెయ్యి పట్టుకుంది. తర్వాత అంది: "ఏడుపు ఎలాగూ ఉండేదే వదినా. ముందు అన్నయ్య పాస్‌బుక్కులు ఎక్కడ పెట్టాడో చూడు."

ఈ అధ్యాయం ఆ మాట దగ్గర పుట్టింది. కష్టంలో పడ్డ కుటుంబాన్ని ఆదుకునే ఏర్పాట్లు మన దగ్గర లేకపోలేదు. ప్రభుత్వం దగ్గర డబ్బుంది, దానికి మీ ఇంటి దారి తెలియదు. ఊరికి మీ ఇల్లు తెలుసు, దాని దగ్గర అంత డబ్బు లేదు. ఈ రెంటినీ కలిపే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి దొరికిన ఇల్లు నిలబడుతుంది, దొరకనిది అప్పుల్లోకి జారుతుంది. నేను చూసినంతలో తేడా అక్కడే ఉంది.

పాస్‌బుక్కులు రేకుపెట్టెలో, పాత చీర కింద, పాలిథిన్ కవర్లో దొరికాయి. యానిమేటర్ మిగతా పేజీలు పట్టించుకోకుండా నేరుగా మే నెల పేజీ తీసింది. వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. 436. దాని కిందే 20. "ఇవిగో," అంది.

ఆ రెండు అంకెలకూ అర్థం ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బహుశా మా తమ్ముడికీ తెలిసి ఉండదు. బ్యాంకులో ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టి ఉంటాడు. 436 రూపాయలు జీవన్ జ్యోతి బీమాది. 18 నుంచి 50 ఏళ్ళలోపు చేరినవాళ్ళు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాదంలో పోతేనే ఇస్తారు. 20 రూపాయలు సురక్షా బీమాది, ప్రమాదంలో పోతే ఇంకో 2 లక్షలు. ఈ రెండూ 2015 మేలో మొదలయ్యాయి. ఏటా మే నెలాఖరున ఖాతాలోంచి వాటంతటవే కోత పడతాయి, జూన్ 1 నుంచి ఏడాది లెక్క. ఆ రోజుల్లో ఖాతాలో డబ్బు లేకపోతే కోత పడదు, బీమా ఆగిపోతుంది. ఊళ్ళల్లో ఎన్నో ఇళ్ళల్లో ఈ అంకెలు పాస్‌బుక్కులో అలాగే ఉండిపోతాయి. అడిగేవాళ్ళుండరు, ఎవరూ ఇవ్వరు.

మాకు 436 తాలూకు 2 లక్షలు వచ్చాయి. 20 తాలూకు 2 లక్షలు రాలేదు. కారణం నాతో సహా మా పెద్దలందరం.

ఆ రోజు ఆసుపత్రి దగ్గర పోలీసు కానిస్టేబులు పోస్టుమార్టం మాట ఎత్తగానే మేమంతా ఒక్క గొంతుతో వద్దన్నాం. "పోయినవాణ్ణి మళ్ళీ కోయడం ఎందుకు, ఇంటికి తీసుకుపోనివ్వండి" అని బతిమాలాం. పలుకుబడి ఉన్న ఒకాయన చేత ఫోను కూడా చేయించాం. కేసు లేదు, పంచనామా లేదు. ప్రమాద బీమాకు అడిగేదే ఆ కాగితాలు: ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. నలుగురైదుగురు పెద్దమనుషుల జాలి ఆ పిల్లలకు 2 లక్షల నష్టం తెచ్చింది. ఆ ఫోను చేయించింది నేనే. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. చదివిన ఒక్క ఇంటివాళ్ళయినా రేపు ఆసుపత్రి వరండాలో ఆగి ఆలోచిస్తారని రాస్తున్నాను. పని చేస్తూ పడినా, రోడ్డు మీద పోయినా, కరెంటు షాకు కొట్టినా పోలీసు కాగితం అడిగి రాయించుకోండి. దుఃఖంలో ఇది కఠినంగా కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత అలా అనిపించదు.

వచ్చిన 2 లక్షలకూ ఇంకో మెలిక పడింది. నామినీగా పిన్ని పేరుంది. అత్తాకోడళ్ళ మధ్య మాట పట్టింపులున్న ఇల్లు అది. ఊళ్ళో నలుగురూ ఏం జరుగుతుందా అని చూశారు. పిన్ని బ్యాంకులో వేలిముద్ర వేసి, డబ్బు పడ్డ రోజే మనవరాలి పేర లక్ష డిపాజిట్ చేయించి, మిగతాది కోడలి ఖాతాకు మార్పించింది. బయటికొచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. అన్ని ఇళ్ళల్లో ఇలా జరగదు. పెళ్ళయ్యాక నామినీ పేరు మార్చుకోవడం అయిదు నిమిషాల పని, అయినా చాలామంది చెయ్యరు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇక్కడే ఎక్కువమంది విసిగిపోయి వదిలేస్తారు కనుక కాస్త ఓపిగ్గా చదవండి.

అన్నింటికీ మూలం మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి, తిరుగుడు మొదలవుతుంది. మన ఆచారం చూస్తే భర్త పోయిన ఆడమనిషి నెలల తరబడి గడప దాటకూడదంటుంది. ఆచారాన్ని ఎవరింట్లో ఎలా పాటించుకుంటారో నేను చెప్పను. కానీ ప్రభుత్వ గడువులు మూడో నెల దాకా ఆగవు. ఆమె వెళ్ళలేకపోతే ఇంట్లో ఇంకొకరు ఆ పని నెత్తిన వేసుకోవాలి. అసలు పత్రం బయట పెట్టకండి, పది జిరాక్సులు తీయించి పెట్టుకోండి. పదీ అయిపోతాయి.

తర్వాత తహశీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఇక్కడ పేర్లు కొరకరాని కొయ్యలవుతాయి. మా మరదలి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది, బ్యాంకులో ఇంటిపేరు బదులు ఒక అక్షరం, ఓటరు కార్డులో పేరు చివర "అమ్మ" అదనం. నలుగురు మనుషులున్నట్టు లెక్క. ఒక్కటి సరిచేయడానికి మూడుసార్లు తిరిగింది. మీ ఇంట్లో ఇవాళ ఎవరికీ ఏ కష్టమూ లేకపోతే ఈ ఆదివారం ఆధార్లు, పాస్‌బుక్కులు, రేషన్ కార్డు నేల మీద పక్కపక్కన పరిచి పేర్లు పోల్చి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. కష్టం వచ్చాక దిద్దించుకోవడం కంటే ఇది చాలా తేలిక.

ఏమేం అడగొచ్చో తెలియకపోవడం ఇంకో ఇబ్బంది. కార్డున్న పేద ఇంట్లో పోషించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 ఇవ్వాలి. 1995 నుంచి ఉన్న పథకం. దాని పేరు విన్నవాళ్ళు ఊరికి ఇద్దరు కూడా ఉండరు. పోయినాయన ఏ కంపెనీలోనో పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేస్తూ పోతే, ఒక్క నెల చందా కట్టినా భార్యకు పింఛను హక్కుంది. పీఎఫ్ సంస్థ ద్వారా ఉండే బీమా సొమ్ము 7 లక్షల దాకా రావొచ్చు. తెలంగాణలో పట్టా పాస్‌బుక్ ఉన్న రైతుకు 2018 ఆగస్టు నుంచి రైతు బీమా పెట్టారు, 5 లక్షలు. తాపీ పని, సెంట్రింగ్, పెయింటింగ్ చేసేవాళ్ళకు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఉంది. మా తమ్ముడికి ఆ కార్డు కూడా ఉండేది. గడువు తీరిపోయింది, మళ్ళీ కట్టలేదు. రేకుపెట్టెలో ఆ కార్డు చూసి యానిమేటర్ ఏమీ అనలేదు, పక్కన పెట్టేసింది.

పిల్లల విషయం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. భర్త పోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లల చదువుకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. నిధులు ఉన్నంత మేరకే, అడిగినవాళ్ళందరికీ రాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే దారి చెబుతుంది. ఈ పథకం గురించి మా ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. హైస్కూలు హెడ్‌మాస్టరు గారు కూడా ఆమె చెబితేనే విన్నారు.

వితంతు పింఛను ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు నెలకు 4,000, తెలంగాణలో 2,016. కొత్త పేర్లు ఎప్పుడు పడితే అప్పుడు తీసుకోరు. తీసుకునే రోజు వస్తే గ్రామ సచివాలయంలో ఆ మాట ముందు తెలుస్తుంది. కాగితాలు కట్టగట్టి ఉంచుకున్నవాళ్ళ దరఖాస్తు ఆ రోజే లోపలికి వెళ్తుంది. మా మరదలిది ఇంకా రాలేదు. కట్ట మాత్రం సిద్ధంగా ఉంది.

ఆఫీసులో ఎలా అడగాలన్నది వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఉండాల్సిన పాఠం. "అయ్యా, మాకేదైనా సాయం చెయ్యండి" అంటే ఎదుటివాడికి జాలి కలుగుతుంది, పని మాత్రం జరగదు. "రేషన్ కార్డులో మా ఆయన పేరు తీసి నా పేరు మొదట పెట్టాలి, ఏ కాగితం తేవాలి?" అనండి. ఒక రోజు, ఒక పని, ఒక ప్రశ్న. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలకండి. కుదరదంటే, ఎందుకు కుదరదో రాసివ్వమనండి. ఆ మాట వినగానే సగం "కుదరదు"లు "రేపు రండి"గా మారిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండూ సోమవారమే. అక్కడిచ్చే నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

అడగడానికి మొహమాటం. మా వైపు దీనికి "పరువు" అని పెద్ద పేరు. వెయ్యి రూపాయలకు నెలకు ముప్ఫై రూపాయల వడ్డీకి, అంటే నూటికి మూడు చొప్పున, అప్పు చేయడానికి అడ్డురాని పరువు సచివాలయం మెట్లు ఎక్కడానికి అడ్డొస్తుంది. నాకెప్పుడూ అర్థం కానిది ఇదే. బియ్యం కార్డు ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం పెట్టిన 1983 నుంచీ మన వంటింట్లో భాగమే. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక అది హక్కు కూడా అయింది. 2019 ఆగస్టు నుంచి ఆంధ్ర కార్డు మీద తెలంగాణలో, తెలంగాణ కార్డు మీద ఆంధ్రలో బియ్యం తీసుకోవచ్చు. పని కోసం హైదరాబాదు వెళ్ళిన ఇళ్ళల్లో ఈ సంగతి తెలియక కిలో యాభైకి కొనుక్కు తినేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఊరి సాయం సంగతికి వస్తే, నేను డ్వాక్రా సంఘాల పక్షపాతిని. కారణం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోంచే రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే సడలిపోయింది. పొదుపు మాత్రం నిలిచింది. ఆ రూపాయి పెరిగి పెరిగి ఇవాళ తనఖా లేకుండా ఒక సంఘానికి ఇరవై లక్షల దాకా బ్యాంకు అప్పిచ్చేంతైంది.

అప్పు కన్నా విలువైనది ఆ రిజిస్టరు. ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఎవరి కూతురు బడి మానేసింది, ఎవరు రెండు సమావేశాలకు రాలేదు, అన్నీ అందులో తెలుస్తాయి. ఏ అధికారి దగ్గరా ఇంత దగ్గరి లెక్క ఉండదు.

అలాగని సంఘం దేవతల గుంపేమీ కాదు. ఒకరు కంతు కట్టకపోతే మిగతావాళ్ళ అప్పూ ఇరుక్కుంటుంది, అందరూ ఇంటి ముందుకొచ్చి నిలబడతారు. ఆ నిలబడటం కొన్నిసార్లు మామూలు మాటలతో ఆగదు. 2010లో సూక్ష్మరుణ సంస్థలు ఇదే ఒత్తిడిని వ్యాపారంగా మార్చి ఊళ్ళను ఏడిపిస్తే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి పగ్గం వేయాల్సి వచ్చింది. కనుక కంతు కట్టలేని నెల వస్తే, గడువు దాటాక మొహం చాటేయకుండా ముందు సమావేశంలోనే లేచి చెప్పండి. "ఈ మూడు నెలలు వడ్డీ మాత్రం కడతాను" అని అడిగి తీర్మానం రాయించండి. ముందే చెప్పిన మనిషి మీద సంఘానికి కోపం రాదు. మా మరదలు అలాగే చేసింది. తీర్మానం కింద పది సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి.

బయట అప్పులవాళ్ళు పెద్దకర్మ దాకా కూడా ఆగరు. ప్రామిసరీ నోటు జేబులోంచి తీసి, "మీ ఆయన తీసుకున్నాడమ్మా, ఇంకో నోటు నీ పేర రాసెయ్యి" అంటారు. రాయకండి. పోయినాయన వదిలి వెళ్ళిన ఆస్తి మేరకే వారసులకు ఆ అప్పుతో బాధ్యత. కొత్త నోటు మీద మీ సంతకం పడ్డాక అది మీ అప్పు. నోటు మీది తేదీ చూడండి, మూడేళ్ళు దాటిందా, మధ్యలో చెల్లు ఉందా గమనించండి. తేలకపోతే 15100కి ఫోను చేయండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టే ఏర్పాటు 1987 చట్టం కింద ఉంది. కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ గది ఉంటుంది.

కష్టమంటే చావొక్కటే కాదు. ఆసుపత్రి ఖర్చయితే డబ్బు కట్టేముందే ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కౌంటర్లో ఉండే మనిషిని కలవండి. కట్టాక తిరిగి రాబట్టడం వేరే కథ. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే 181. నిద్రపట్టక, బతుకు మీద విరక్తి పుట్టి మాట్లాడే మనిషి లేకపోతే 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబర్లు గోడ మీద క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్న ఇల్లు ఒక్కటే చూశాను నేను, అది కూడా ఒక ఆశా కార్యకర్తది.

ఇక సాయం చేసేవాళ్ళతో రెండు మాటలు. పదకొండు రోజులు అన్నం పెట్టే ఊరు మనది. ఆకలన్నవాళ్ళకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు పుట్టిన నేల, పెట్టే చెయ్యికి కొదవ లేదు. ఇబ్బందల్లా అందరం ఒకేసారి పెడతాం. మొదటి పది రోజుల్లో పది బస్తాల బియ్యం, మూడో నెలలో పిడికెడు ఉండదు. బస్తా పట్టుకుని ఇంటి ముందు ఫొటో దిగి పేపర్లో వేయించుకునే వాళ్ళ గురించి రాస్తే ఈ పేజీ చాలదు, ఆ ఫొటోలో తల వంచుకున్న పిల్ల మరుసటి రోజు బడికి ఎలా వెళ్తుందో మాత్రం ఊహించండి. మీరివ్వగలిగింది ఇవ్వండి, మూడో నెల ఒకటో తారీఖున ఇవ్వండి. లేదా డబ్బు బదులు ఒక పూట ఇవ్వండి. ఆమెతో పాటు తహశీల్దారు ఆఫీసుకు వెళ్ళి బెంచీ మీద పక్కన కూర్చోండి. స్కూటరున్న మేనల్లుడు, ఫారం నింపగలిగిన ఇంటర్ చదివే పిల్ల, ఎండలో వరసలో నిలబడే రిటైరైన మాస్టారు ఉంటే ఒక ఇల్లు సగం గట్టెక్కినట్టే. మా యానిమేటర్ చేసింది ఇంతే. ఆమె జేబులోంచి రూపాయి తీయలేదు.

మరదలు ఇప్పుడు ఆ సంఘానికి లెక్కలు రాస్తోంది. మొన్న వాళ్ళ వీధిలో ఒకాయన పోతే పన్నెండో రోజు సాయంత్రం గుడ్డసంచి తగిలించుకుని వెళ్ళిందట. ముందు పాస్‌బుక్కు అడిగిందట.

ఈ పుస్తకం ఇక్కడ మూసి మీ ఇంట్లో పాస్‌బుక్కులు బయటికి తీయండి. మే నెలాఖరు పేజీ తిప్పండి. 436, 20 కనిపిస్తే నామినీ ఎవరో చూసుకుని, పాస్‌బుక్కు ఎక్కడ పెడుతున్నారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. కనిపించకపోతే, మీకు 50 ఏళ్ళు దాటకపోతే, రేపు పది గంటలకు బ్యాంకు తెరుస్తారు.